1480 పంపాలా, వద్దా?

ఆగండాగండి, చేతిలో పనేదైనా ఉంటే కాసేపు పక్కన పెట్టి నేను చెప్పేది వినండి. సాయంత్రం ఆరింటికల్లా నేను ఒక చిన్న గడిలో టిక్కు పెట్టాలి. ఉన్నవి రెండే గడులు. ఒకటి 'నా స్కోరు చూడండి', రెండోది 'నా స్కోరు చూడొద్దు'. ఒకసారి పెట్టాక మార్చడం కుదరదని ఎర్రక్షరాలతో రాసి మరీ బెదిరించారు. ఇప్పటికే ఐదు దాటింది. పొద్దున్నుంచీ అడిగినవాళ్లందరూ సలహాలిచ్చారు, ఇచ్చినవాళ్లే మళ్లీ మార్చారు, ఇప్పుడు నా బుర్రలో ఏది ఎవరు చెప్పారో కూడా కలగాపులగం అయిపోయింది. అందుకే మొదట్నుంచీ చెప్తాను. కాస్త వేగంగా చెప్తాను, ఏమనుకోకండి.

ముందు నేను సీటడుగుతున్న కాలేజీ సంగతి. అక్కడ ఒక పెద్ద హాలుంది. అందులో పిల్లలు నెలల తరబడి వంతెనలు కడతారు. నిజం వంతెనలంత పెద్దవి కావు, మనిషి ఎక్కి నిలబడితే మోసేంతవి. కట్టడం అయిపోయాక ఆ హాల్లో నేల కదులుతుంది. నిజంగానే! నేల కింద యంత్రాలున్నాయి, అవి భూకంపం వచ్చినట్టు ఊపేస్తాయి. వంతెన ఎక్కడ ముందు విరుగుతుందో చుట్టూ కెమెరాలు చూస్తుంటాయి. కట్టినందుకు కాదు మార్కులు, ఎందుకు విరిగిందో సరిగ్గా చెప్పినందుకు! ఆ వీడియో నేను ఎన్నిసార్లు చూశానో నాకే తెలీదు. నాన్న ఇంటికొచ్చిన ప్రతివాళ్లతోనూ "మా ఇంజనీరమ్మకి కట్టేవాళ్లు నచ్చలేదండీ, కూలగొట్టేవాళ్లు నచ్చారు" అని చెప్తుంటాడు. నాకు మాత్రం అదే కావాలి. ఇంకెక్కడా అలాంటి హాలు లేదు, నేను వెతికాను.

వంద మంది అడిగితే అక్కడ ఎనిమిది మందికి సీటిస్తారు. అదీ సంగతి.

సీటు అడగాలంటే స్కూలు మార్కులు కావాలి, ఒక వ్యాసం కావాలి. కాలేజీల కోసం పిల్లలంతా రాసే ఆ పెద్ద పరీక్ష స్కోరు మాత్రం ఇష్టమైతేనే పంపొచ్చు. పరీక్షలో రెండు భాగాలు, లెక్కలు ఎనిమిది వందలకి, చదువూ రాతా ఎనిమిది వందలకి, మొత్తం పదహారు వందలు. మొదటిసారి రాసినప్పుడు నాకు లెక్కల్లో 770, చదువులో 660 వచ్చాయి. కలిపితే 1430. నేను గంతులేశాను. తర్వాత కాలేజీ పేజీ తెరిచాను. 'నిరుడు చేరినవారి స్కోర్లు: 1460–1540' అని ఉంది. గంతులు ఆగిపోయాయి.

ఇక్కడే మా ఇంటి సంగతి చెప్పాలి. మా అమ్మ రక్తపరీక్షల ల్యాబ్‌లో టెక్నీషియన్. నేను కథల పుస్తకాల కన్నా ముందు రిపోర్టులు చదవడం నేర్చుకున్నాను. ఒక నంబరుంటుంది, దాని పక్కన రెండు నంబర్లుంటాయి. మన నంబరు ఆ రెండింటి మధ్యలో ఉంటే నిశ్చింత. పైనుంటే H, కిందుంటే L. L వచ్చిందంటే ఏదో తేడా ఉన్నట్టే, వెంటనే మళ్లీ పరీక్ష చేయాలి. మా ఇంట్లో నంబరు పక్కన రెండు నంబర్లు కనిపిస్తే దానికి ఇంకో అర్థం ఉండొచ్చని ఎవరికీ తట్టదు. అమ్మకీ తట్టలేదు, అంత తెలివైనదాన్నని అనుకునే నాకూ తట్టలేదు.

అమ్మ ఆ పేజీ ప్రింటు తీసింది, పక్కన నా స్కోరు వేసింది, కోటు జేబులోంచి ఎర్ర పెన్ను తీసి L అని రాసి ఫ్రిజ్ మీద అంటించింది.

"రిపీట్ చేద్దాం" అంది.

"అమ్మా, పరీక్షంటే మూడు గంటలు కూర్చోవాలి, వేలు చాపితే సూది గుచ్చడం కాదు."

"వేలు చాపడానికి కూడా ఏడ్చేదానివే కదే నువ్వు. రిపీట్."

అప్పటికి నేను స్కూళ్ల పోటీ కోసం సన్నటి చెక్కపుల్లలతో ఒక వంతెన కడుతున్నాను. రెండు బల్లల మధ్య మీటరు ఖాళీ ఉంటుంది, దాని మీదుగా వంతెన వేసి మధ్యలో బరువులు వేలాడదీస్తారు, ఎవరిది ఎక్కువ మోస్తే వాళ్లు గెలిచినట్టు. సగం అయింది. రెండూ చేయడానికి సమయం చాలలేదు. వంతెన బీరువా పైకెక్కింది, నేను పుస్తకాలు పట్టాను, పోటీ వెళ్లిపోయింది. పరీక్ష మళ్లీ రాశాను. లెక్కలు 720. చదువు 710. కలపండి ఒకసారి.

అవును, 1430!

అమ్మ ఆ కాగితాన్ని వెలుతురుకెత్తి చూసింది. "సరిగ్గా అదే వచ్చిందంటే మెషీన్ తప్పేం లేదు. నీ విలువ ఇంతే. పంపొద్దు" అంది. నాన్న డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు చెప్తాడు, పక్క సీట్లో కూర్చుని రోజంతా ఇంకొకరి తప్పులకి బ్రేకు తొక్కే ఉద్యోగం. ఆయన "పంపకపోవడం ఏంటోయ్? 'ఇష్టమైతే' అని వాళ్లు మర్యాదకంటారు. వెనక సీట్లో బెల్టు కూడా ఒకప్పుడు ఇష్టమైతేనే అనేవాళ్లు. పెట్టుకోనివాళ్లు ఎక్కడ తేలారు? చూపించకపోతే దాచిందనే అనుకుంటారు" అన్నాడు. ఇన్నాళ్లూ ఇంట్లో ఇదే వాదన. అమ్మ వద్దు, నాన్న పంపు. అలా ఇవాళ్టి దాకా వచ్చాం.

మా స్కూల్లో కాలేజీల సంగతి చూసే కౌన్సెలర్ మేడమ్ ఒక్కరే, మేం వందల మందిమి. నా వంతు ఇవాళ పొద్దున వచ్చింది, చూడండి నా అదృష్టం, ఆఖరి రోజున! ఆ గది ఒకప్పుడు ఆటసామాన్ల కొట్టు. ఇప్పటికీ మూల వలలో గాలి పోయిన బంతులున్నాయి. మేడమ్‌కి జలుబు చేసింది, ఒక చేత్తో ముక్కు తుడుచుకుంటూ రెండో చేత్తో కుర్చీ చూపించింది.

"కూర్చోమ్మా. ఆ కుర్చీ కాదు, దానికి కాలు లేదు. ఊఁ, చెప్పు."

"మేడమ్, నాది 1430, రేంజ్ 1460 నుంచి 1540. కిందుంది. పంపాలా వద్దా?"

"ఆ రేంజ్ అంటే ఏంటనుకుంటున్నావు?"

"మధ్యలో ఉంటే బాగున్నట్టు మేడమ్. బయటుంటే..."

"బయటుంటే?"

"జబ్బు" అన్నాను. నోటికి అదే వచ్చింది, ఏం చేయను!

మేడమ్ నవ్వు మొదలుపెట్టింది, అది దగ్గులోకి మారి ఆగడానికి కొంచెంసేపు పట్టింది. తర్వాత కాగితం మీద ఒక పొడుగు గీత గీసింది. "చేరినవాళ్లందర్నీ స్కోరు ప్రకారం వరసగా నిలబెట్టావనుకో. వరసలో మధ్యనున్న సగం మందిది మాత్రమే ఈ రెండు నంబర్ల మధ్య. పైన పావు వంతు మిగిలారు, కింద పావు వంతు మిగిలారు. అంటే 1460 కన్నా తక్కువ పంపి కూడా సీటు తెచ్చుకున్నవాళ్లు నలుగురిలో ఒకరు."

నేను ఆ గీత వైపే నోరెళ్లబెట్టి చూశాను. నలుగురిలో ఒకరా! L కాదు, జబ్బు కాదు, వరసలో కాస్త చివర నిలబడ్డం అంతే!

"అయితే పంపేస్తాను మేడమ్!"

"ఆగు. ఆ చివర ఎవరు నిలబడతారో తెలుసా? ఈతలో పతకాలు తెచ్చినవాళ్లు. వయొలిన్ వాయించి హాళ్లు నింపేవాళ్లు. నీకు ఈతొచ్చా?"

"మునగకుండా ఉండగలను మేడమ్."

"దానికి సీటివ్వరు."

"సరే, పంపను."

"అదీ అనట్లేదు నేను. రెండుసార్లు రాశావుగా? ఈ కాలేజీ ఒక్కో భాగంలో నీకు ఎప్పుడు ఎక్కువొస్తే అప్పటిది తీసుకుంటుంది. మొదటిసారి లెక్కలు 770, రెండోసారి చదువు 710. నీ స్కోరు 1480."

మీకు చెప్తే నమ్మరు, ఒక్క క్షణంలో నేను యాభై మార్కులు సంపాదించాను, కూర్చున్నచోటే, పెన్ను కూడా ముట్టకుండా! రేంజ్ లోపలికొచ్చేశాను!

"అయితే పంపేస్తా—"

"ఆగమంటున్నానా! నిరుడు చేరినవాళ్లలో స్కోరు పంపినవాళ్లు సగం మందే. తక్కువొచ్చినవాళ్లు పంపడమే మానేశారు. బాగా వచ్చినవాళ్లవి మాత్రమే లెక్కేస్తే ఆ రెండు నంబర్లు పైకే వెళ్తాయి కదా? వాళ్లు చూసేది నీ నంబరొక్కటే అని కూడా అనుకోకు. నువ్వు ఏ స్కూలు నుంచి వచ్చావో చూస్తారు. మన స్కూలు నుంచి అక్కడికి అడిగే పిల్లల్లో నీ 1480 మధ్యలో ఎక్కడో ఉంది. పైకి తేలేది కాదు, కిందికి మునిగేదీ కాదు."

"అంటే బాగుందా బాగాలేదా మేడమ్?"

"బాగుందమ్మా" అంది మేడమ్. వెంటనే, "ఆ కాలేజీకి చాలుతుందో లేదో చెప్పలేను" అంది. మీకేమైనా అర్థమైందా? నాకు కాలేదు.

తర్వాత మేడమ్ కంప్యూటర్లో నా వ్యాసం తెరిచింది. చదువుతూ చదువుతూ మూడో పేరా దగ్గర ఆగింది. ఆ పేరా మీకూ చెప్పాలి. 'మా అమ్మ రక్తం రిపోర్టు మీద రాసినట్టు నా స్కోరు పక్కన ఎర్ర పెన్నుతో L అని రాసింది. మళ్లీ పరీక్ష రాయడానికి నేను వంతెన సగంలో ఆపేశాను. రెండోసారీ అంతే స్కోరు వచ్చింది. పోటీ అయిపోయాక ఆ సగం వంతెనని ఒక బల్ల అంచుకి బిగించి, గాల్లో ఉన్న కొసకి బరువులు వేలాడదీశాను. పుల్లలు విరుగుతాయనుకున్నాను. ఒక్క పుల్లా విరగలేదు. పరీక్ష తొందరలో జిగురు ఆరేదాకా నొక్కి ఉంచకుండా వదిలేసిన కీలు ఊడింది.' అక్కణ్నుంచి చివరిదాకా ఆ కీలు గురించే. ఎందుకు ఊడిందో బొమ్మలు కూడా గీశాను.

"బాగా రాశావు" అంది మేడమ్. నేను పొంగిపోబోతుంటే, "అదే చిక్కు" అంది. "ఈ పేరా ఉంచి స్కోరు పంపలేదనుకో. చదివేవాళ్లేమనుకుంటారు? రెండుసార్లు రాసిందట, రెండుసార్లూ చూపించుకోలేనంత వచ్చిందట, అనుకుంటారు. పేరా ఉంటే స్కోరు ఉండాలి. స్కోరు దాస్తే పేరా తీసేయాలి."

"తీసేస్తే ఏమవుతుంది మేడమ్?"

మేడమ్ ఆ పేరాని వేలితో మూసి మిగతాది పైకి చదివింది. "ఒకమ్మాయి వంతెన మొదలుపెట్టింది. మధ్యలో మానేసింది. ఎందుకో చెప్పలేదు. మానేసిందాన్ని విరగ్గొట్టి చూసుకుంది" అని నా వైపు చూసింది. "బద్ధకస్తురాలిలా ఉన్నావు."

"మీరైతే ఏం చేస్తారు మేడమ్?"

"నేనైతే పేరా ఉంచుతాను. స్కోరు పంపను."

"రెండూ కుదరవని ఇప్పుడే కదా మేడమ్ మీరు—"

"అవును కదా" అని మేడమ్ మళ్లీ ముక్కు తుడుచుకుంది. అప్పటికే తలుపు అవతల ఇంకో పిల్ల దగ్గుతోంది. నా వంతు అయిపోయింది.

బస్సెక్కి మా పిచ్చుకకి ఫోన్ చేశాను. పిచ్చుకంటే నా స్నేహితురాలు, గొంతూ అంతే, తిండీ అంతే. వేరే స్కూలు. వంతెనల పోటీలో దానిది రెండో స్థానం. అదీ ఆ కాలేజీకే అడుగుతోంది.

"పంపావా?" అన్నాను.

"ఎప్పుడో! 1390. మా స్కూల్లో పన్నెండు వందలు దాటితేనే ప్రిన్సిపల్ చేతులు పట్టుకుని ఊపేస్తాడు, నాది చూసి బోర్డు మీద పెద్దక్షరాలతో రాయించాడు. మా సార్ కూడా కళ్లు మూసుకుని పంపెయ్ అన్నాడు. నీదెంతే?"

"రెండూ కలిపి చూస్తే 1480. పంపాలో వద్దో తేలట్లేదే."

బస్సు రెండు స్టాపులు దాటింది.

"ఉన్నావా?" అన్నాను.

"ఉన్నా. నా కన్నా తొంభై ఎక్కువ పెట్టుకుని పంపడానికి సిగ్గుగా ఉందా నీకు? నాతో చెప్పుకుని ఏడవడానికి మాత్రం సిగ్గుగా లేదా?"

"అది కాదే, మా స్కూల్లో—"

"మీ స్కూల్లో నువ్వు మధ్యలో ఉంటావు, మా స్కూల్లో నేను పైనుంటాను, తెలుసులేవే. అయినా వినడానికి ఎలా ఉందో చెప్తున్నా" అంది. మళ్లీ తనే మెత్తబడి, "చూడు, నాకు సీటొచ్చి నీకు రాలేదనుకో, నా మొహం చూస్తావా?" అంది. నేను చూస్తానన్నాను. నీకొచ్చి నాకు రాకపోతే, అని అది అడగలేదు. నేనూ చెప్పలేదు. ఒకే పరీక్ష, తక్కువొచ్చినది బోర్డెక్కింది, ఎక్కువొచ్చిన నేను బస్సులో బిక్కమొహం వేసుకుని కూర్చున్నాను. ఇందులో బలమైన స్కోరు ఎవరిది?

దిగి నేరుగా అమ్మ ల్యాబ్‌కి వెళ్లాను. ముందు గదిలో జనం మోచేయి మడత దగ్గర దూది నొక్కి పట్టుకుని కూర్చున్నారు. లోపల అమ్మ గొట్టాల మీద చీటీలు అంటిస్తోంది, పక్కనే శాంపిళ్లు తిప్పే యంత్రం గుయ్యిమంటోంది. నన్ను చూడగానే "ఏమైందే, జ్వరమా?" అంది. ల్యాబ్‌లో ఎవరొచ్చినా అదే ప్రశ్న. గాజు తలుపు ఇవతలికి పిలిచి చెప్పడం మొదలుపెట్టాను. 1480 దగ్గర అమ్మ చెయ్యెత్తి ఆపింది.

"ఏంటీ? ఒకరోజు లెక్కలు, ఇంకోరోజు చదువు తీసి అతికిస్తారా? ఒకే మనిషి, రెండు శాంపిళ్లు. సోమవారం షుగర్ బాగుంది, గురువారం కొలెస్ట్రాల్ బాగుంది, ఆ రెండూ ఒక కాగితం మీద వేసి మీకేం ఢోకా లేదండీ అని పంపిస్తే నా ఉద్యోగం ఉంటుందా?"

"కాలేజీవాళ్లే అలా చేస్తారమ్మా! అందరికీ అలాగే!"

"అందరికీ చేస్తే మోసం కాదా?"

అమ్మ అడిగినప్పుడు అదీ నిజమే అనిపించింది, ఏం చేయమంటారు! సరే అది వదిలేసి నలుగురిలో ఒకరి సంగతి చెప్పాను. మేడమ్ గీసిన గీత మళ్లీ నేను గీశాను, గ్లవ్స్ డబ్బా అట్ట మీద. అమ్మ దాన్ని చాలాసేపు చూసింది.

"సగం మందితో రేంజ్ ఎవరేస్తారే?" అంది. "మా రేంజ్‌లో బాగున్నవాళ్లు నూటికి తొంభై అయిదు మంది లోపలుంటారు. అందుకే బయటున్నవాళ్లని చూసి మేం కంగారు పడేది. ఇది సగమే అయితే... మిగతా సగం కూడా బాగున్నవాళ్లేగా?"

"బాగున్నవాళ్లే. అందరూ చేరినవాళ్లే."

"అయితే నేను L అని రాసింది?"

యంత్రం తిరగడం ఆపి కూతపెట్టింది, అమ్మ వెనక్కి తిరగలేదు.

"ఆ ముక్క కోసం నీతో వంతెన ఆపించానా?"

"నాకూ తెలీలేదు కదమ్మా. నేనూ నమ్మాను."

"నువ్వు నన్ను చూసి నమ్మావు" అంది అమ్మ. తర్వాత ఫోన్ లాక్కుని వ్యాసం చదివింది. మూడో పేరా రెండుసార్లు చదివింది, పెదవులు కదులుతున్నాయి. "పెన్ను ఎర్రదని కూడా రాశావు" అంది.

"తీసేస్తానమ్మా. స్కోరు పంపకపోతే ఎలాగూ తీసేయాలి."

"తీసెయ్యకు." అమ్మ ఫోన్ నా చేతిలో పెట్టింది. "ఇక్కడ రిపోర్టు తప్పు ఇస్తే మేం చించి పారేయం. ఆ మనిషికి ఫోన్ చేసి, తప్పు జరిగిందండీ, ఇదిగో సరైనది అని చెప్తాం. ఉన్నదున్నట్టు ఉండనీ. స్కోరు పంపు. ఆ అతుకుల స్కోరే పంపు, వాళ్లకి అదే కావాలంటే."

ఇన్నాళ్లూ వద్దన్న అమ్మ! పంపమంది! ఇంక అయిపోయింది అనుకున్నాను, సంతోషంగా ఇంటికొచ్చాను, నాన్న అప్పటికే చివరి పాఠం ముగించుకుని వచ్చి కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. నాన్న ఎలాగూ మొదట్నుంచీ పంపమనేగా అంటున్నాడు! మేడమ్ చెప్పిందంతా చెప్పి, మాటవరసకి వ్యాసం తెరిచి ఫోన్ ఆయన చేతికిచ్చాను. చదివాడు. కాళ్లు వెనక్కి లాక్కున్నాడు.

"పంపకు."

"నాన్నా! పొద్దున కూడా పంపమన్నావు!"

"పొద్దున నేను ఇది చదవలేదుగా. ముక్కూమొహం తెలీనివాళ్లెవరో బల్ల చుట్టూ కూర్చుని, చూశారా, వాళ్లమ్మ ఇలా చేసిందట అని నవ్వుకోవాలా? మీ అమ్మ పొద్దున నిలబడితే సాయంత్రం దాకా నిలబడే ఉంటుంది ఆ ల్యాబ్‌లో. ఆ పేరా తీసెయ్ తల్లీ. అది తీస్తే స్కోరు పంపకూడదని మీ మేడమ్ అంది కదా, పంపకు."

"మేడమ్ అలా అనలేదు నాన్నా. స్కోరు పంపకపోతే పేరా తీయమంది. పేరా తీసేసి స్కోరు పంపొచ్చు."

"అయితే అలా చెయ్."

"అప్పుడు వంతెన ఎందుకు మానేశానో తెలీదు. బద్ధకస్తురాలిలా ఉంటాను."

నాన్న గడ్డం గీక్కున్నాడు. "ఎందుకు మానేశావో ఇంకోటేదైనా రాయి. చెయ్యి నొప్పనో, ఏదో ఒకటి."

"అబద్ధమా?"

"అబద్ధం అనకు. అప్పుడు నీకు చెయ్యి నొప్పి పుట్టిందా లేదా?"

అప్పుడే అమ్మ వచ్చింది. చెప్పులు విప్పుతూనే అంతా విని, "ఏవండీ, తప్పు నాది. ఉంచాలో తీయాలో నేను చెప్పాలి, మీరెవరు?" అంది.

"నీ ఒక్కదానిదే కాదోయ్. రోజూ పాలకోసం ఫ్రిజ్ తీసింది నేను. ఆ L చూసి నేనెందుకు నోరు మూసుకున్నాను? నాకూ అదే అనిపించింది కనక."

"మరి మీ పేరు కూడా రాయించుకోండి."

"నా పేరెందుకు, నేనేం పెన్ను పట్టానా?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని కాసేపు నవ్వారు, నాకు మాత్రం ఏడుపొచ్చింది. కంప్యూటర్ ముందు కూర్చుని పేరా తీసేసి చదివాను. మేడమ్ చెప్పింది నిజమే, ఎవరో చేతకాని పిల్ల. మళ్లీ పెట్టి చదివాను. ఇప్పుడు ఇది నేనే, కానీ అందులో మా అమ్మ కూడా ఉంది. తనని తెలీనివాళ్లకి అక్కడ కనిపించేది పెన్ను పట్టుకున్న చెయ్యొక్కటే. కొత్త వాక్యమొకటి కలిపి, ఆ రేంజ్ అర్థం మాకు ఇవాళే తెలిసిందని రాశాను. అది చదివితే కావాలని జాలి అడిగినట్టుంది. కొట్టేశాను.

"ఇంతకీ ఏం చేయమంటారు?" అని ఇద్దర్నీ కలిపి అడిగాను.

"నీ ఇష్టమే" అంది అమ్మ.

"నీ ఇష్టం తల్లీ" అన్నాడు నాన్న.

నా ఇష్టమట! ఇన్నాళ్లూ ఆ మాట అనండని వాళ్లని బతిమాలాను, ఇవాళ అన్నారు! ఇద్దరూ వంటింట్లోకి వెళ్లిపోయారు, అటునుంచి గిన్నెల చప్పుడు కూడా లేదు, నేను నొక్కుతానేమోనని చెవులు రిక్కించి నిలబడ్డట్టున్నారు.

అదీ నా పరిస్థితి. స్కోరు పంపితే వాళ్లకి ఒక 1480 కనిపిస్తుంది, మా స్కూల్లో మామూలుది, ఆ కాలేజీలో అంచు మీదది, రెండు రోజులవి కలిపి కుట్టింది. అది మరీ బాగోలేదనిపిస్తే వ్యాసం దాకా వస్తారో రారో. వచ్చారా, ఊడిన కీలు చదువుతారు, దాంతోపాటు మా అమ్మ తప్పూ చదువుతారు. పంపకపోతే నంబరు లేదు, తప్పూ లేదు, ఎందుకో చెప్పకుండా మానేసిన పిల్ల ఒకటి మిగులుతుంది, ఆ హాల్లోకి అడుగుపెట్టాలంటే ఆ పిల్లే వాళ్లకి నచ్చాలి. ఈ రెంటిలో ఏది గట్టిగా నిలబడుతుందో నేను లెక్కేయలేకపోతున్నాను, లెక్కల్లో 770 వచ్చిన మనిషిని! ఇంకొంచెంసేపే ఉంది, కర్సర్ కొట్టుకుంటోంది, నేను మీకు టైపు చేస్తూ కూర్చున్నాను.

చెప్పండి, నా కుర్చీలో మీరుంటే ఏ గడిలో టిక్కు పెడతారు?